పని ప్రమాద పరిహారం: దళారుల మాటలను ఎలా అర్థం చేసుకోవాలి

పైడిభీమవరం మందుల పరిశ్రమల్లోనో, పలాస జీడిపప్పు కర్మాగారాల్లోనో, బొబ్బిలి పారిశ్రామిక వాడలోనో కార్మికుడు గాయపడినప్పుడు పరామర్శ పేరుతో దళారి కూడా రావచ్చు. అతని మాటల అసలు అర్థం ఇంటివారు ముందే తెలుసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా వినవలసిన మాట ‘పర్సంటేజీ’. వైద్యుడి ధ్రువపత్రంలో అది సంపాదన శక్తి ఎంత తగ్గిందో చెబుతుంది. దళారి నోట అదే మాట పరిహారంలో తన వాటా అవుతుంది. మొదటిదాన్ని పెంచి రాయిస్తానని ఆశపెట్టి, రెండోదానికి ఒప్పిస్తాడు. అబద్ధపు పత్రం బయటపడితే నిజమైన గాయానికి రావలసిన సొమ్ము కూడా చిక్కుల్లో పడుతుంది. పరిహారాన్ని ఇతరులకు రాసివ్వడం చెల్లదని 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 9వ సెక్షన్ కూడా చెప్పింది; వాటా రాసిమ్మంటే ఒప్పుకోకండి.

‘సెటిల్‌మెంట్’ అన్నప్పుడు లెక్క వేయకుండా సంతకం చేయవద్దు. నెలకు 12,000 రూపాయల వేతనం గల 40 ఏళ్ల కార్మికుడు మరణిస్తే, వేతనంలో సగమైన 6,000ను ఆ వయసుకు చట్టం నిర్ణయించిన 184.17తో గుణించాలి, 11,05,020 రూపాయలు వస్తాయి. రెండు మూడు లక్షలకు రాజీ పడమనేవారు ఈ కుటుంబానికి చేస్తున్న అన్యాయం ఎంతటిదో చూడండి.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవారికి దారి వేరు. వారు ఆ కార్యాలయంలోనే అడగాలి. మిగిలినవారు ఆసుపత్రి కాగితాలు, వేతన ఆధారాలు భద్రపరచి, రెండేళ్లు దాటకముందే కార్మిక శాఖలో దరఖాస్తు చేయాలి. కర్మాగార కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.