ఎవరైనా దర్శనం వచ్చిందంటే వాక్యంతో ఎలా సరిచూడాలి

శుక్రవారం ఉపవాస కూటం అయ్యాక చెప్పులు వేసుకునే చోటే సగం దర్శనాలు నా చెవిన పడతాయి. "టీచరమ్మగారూ, రాత్రి ప్రభువు నాకు చూపించాడండీ" అంటారు. స్త్రీల సమాజం బాధ్యత నామీద ఉంది కాబట్టి వినక తప్పదు. విన్నదల్లా నమ్మేసేవాళ్లు కొందరు, నోరు తెరవగానే "అది సైతాను పని" అని కొట్టిపారేసేవాళ్లు కొందరు. పౌలు ఇద్దరినీ ఒప్పుకోడు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అని, ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు.

బైబిలు కంటే ముందు ఒక కాగితం తీయండి. మధ్యలో అడ్డంగా గీత గీయండి. ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నది గీతకు పైన. దాని అర్థం ఇదీ అని ఎవరు అన్నా, అది కింద. తారీఖు వేయండి. ఇది ఆ రోజే జరగాలి. నలుగురికి చెప్పేసరికి కల పెరుగుతుంది.

మా సంఘంలో ఒక చెల్లెలికి కల వచ్చింది. తెల్లబట్టలు వేసుకున్న ఒకాయన వాళ్ల గుమ్మంలో నిలబడి ఆమె చేతిలో తాళంచెవి పెట్టాడట. ఆదివారానికి అది "ఇల్లు అమ్మి మందిరం కట్టడానికి ఇమ్మన్నాడు" అని తయారైంది. ఇంట్లో ఒకటే టెన్షన్, భర్త అన్నం మానేశాడు. కాగితం మీద రాయిస్తే గీతకు పైన గుమ్మం, తెల్లబట్టలు, తాళంచెవి, అంతే. "అమ్ము" అన్న మాట గీత కింద పడింది. అది ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే ఒకావిడ చెప్పిన అర్థం. చెల్లెలు తనే చూసుకుని, "అవునండీ, ఆయన అసలు మాట్లాడలేదు" అంది. అప్పుడు అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయం తీశాం. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా తెచ్చానన్న అననీయతో పేతురు, పొలం నీ దగ్గర ఉన్నప్పుడు నీదే కదా, అమ్మాక సొమ్మూ నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. అతని తప్పు అబద్ధమాడటం. అమ్మి తీరాలని అపొస్తలుడే అడగలేదు. ఇల్లు ఇప్పటికీ వాళ్ల పేరు మీదే ఉంది.

నిజమైన ప్రవచనంలోనూ ఈ గీత అవసరమే. అపొస్తలుల కార్యములు ఇరవై ఒకటో అధ్యాయంలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ణి యెరూషలేములో ఇలా బంధిస్తారన్నాడు. వెళ్లొద్దని అతను అన్నట్టు అక్కడ లేదు. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తూ కలిపారు. పౌలు వెళ్లాడు.

తర్వాతి పని, ఏ వచనంతో దర్శనాన్ని బలపరుస్తున్నారో ఆ అధ్యాయం మొత్తం చదవడం. కొత్త సంవత్సరం వాగ్దానం కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది, బైబిల్లో దానికి ముందూ వెనకా ఉంటుంది. వీసా ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లందరూ, మీ విషయంలో నావి మేలు చేసే ఉద్దేశాలే అని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 పట్టుకుని వెళతారు. పై వచనంలో డెబ్బై ఏళ్ల బబులోను చెర ఉందని చెబితే మొహం మాడ్చుకుంటారు.

ఎలాగూ అక్కడికి వెళ్లారు కాబట్టి ఇరవై ఎనిమిదో అధ్యాయం కూడా చదవండి. దర్శనాల విషయంలో నేను ఎక్కువసార్లు తెరిచేది ఇదే. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ముందు, యెహోవా పేరు చెప్పే మాట్లాడాడు. రెండేళ్లలో మందిరపు పాత్రలూ చెరలో ఉన్నవాళ్లూ తిరిగొస్తారన్నాడు. అందరికీ కావలసిన మాట. యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయాలి అన్నాడు. సమాధానం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుందని మాత్రం గుర్తుచేశాడు. చెరకు గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా తీసి విరిచేస్తే, వాదన పెట్టుకోకుండా వెళ్లిపోయాడు. తిరిగి వాక్కు వచ్చాకే వచ్చి, ఇది అబద్ధమన్నాడు. ఆ యేడే హనన్యా చనిపోయాడు. కాబట్టి చెప్పుల దగ్గర నిలబడి తీర్పు చెప్పక్కర్లేదు. గడువు పెట్టి చెప్పిన ప్రవచనమైతే ఆ తేదీ కాగితం మీద ఎక్కించి ఆగండి. ద్వితీయోపదేశకాండము 18 చెప్పే పరీక్ష అదే.

కానీ నెరవేరితే చాలనుకోకండి. అదే గ్రంథం 13వ అధ్యాయం ప్రకారం, చెప్పిన సూచన జరిగినా సరే, అది వేరే దేవుళ్ల వైపు లాగితే వినకూడదు. "ఆయన చెప్పింది జరిగిందండీ" అని మనవాళ్లు పడిపోయేది ఇక్కడే.

ఒక దర్శనం నిజమైతే ఆ మనిషి జీవితాంతం చెప్పేదంతా నిజమవ్వదు. సిక్కు కుటుంబంలో పుట్టి క్రీస్తు ప్రచారకుడైన సాధు సుందర్ సింగ్ 1904లో యేసును చూశానన్నాడు, మరుసటి ఏడు సిమ్లాలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ బతుకే సాక్ష్యంగా నిలిచింది. ఆయనే కైలాస ప్రాంతంలో వందల ఏళ్ల మహర్షిని కలిశానంటే, ఆయన్ని ప్రేమించినవాళ్లలోనూ చాలామంది నమ్మలేకపోయారు. దేనికది విడిగా తూచాలి.

మా మేనత్త వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు, ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత పండుగకు వెళతారు. ఆ పండుగకు మూలమైన, ఫ్రాన్స్‌లోని లూర్దులో మేరీమాత దర్శనాలు 1858లో వస్తే, బిషప్ విచారణ జరిపించి 1862లో గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా అలాంటివి క్రీస్తు ప్రత్యక్షతకు ఏమీ చేర్చవని వాళ్ల అధికారిక బోధ పుస్తకం సత్యోపదేశమే చెబుతుంది. మాకు అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి నేను ఒక్కదాన్నే తేల్చను. 1 కొరింథీ 14:29లో తక్కినవాళ్లు వివేచించాలని ఉంది. దర్శనం చెప్పినావిడకు చుట్టాలు కాని ఇద్దరు పెద్దలను కూర్చోబెడతాను.

డబ్బు, ఆస్తి, "ఎవరికీ చెప్పొద్దు" అన్న షరతు, పక్కింటి పిల్ల పెళ్లి. దర్శనంలో ఇవి ఉంటే అక్కడితో ఆపండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మానేయమంటే ఒక్క పూట కూడా ఒప్పుకోకండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు.

ఇక నిద్ర లేకుండా, తిండి సయించకుండా, రోజూ గొంతులు వినబడుతున్నాయనే మనిషి దగ్గర కాగితం, గీత పెట్టుకుని కూర్చోకండి. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు.