అంచు సన్నబడాలంటే డ్రైవర్‌లో ఏది తీయాలి, ఏది తీయకూడదు

సంక్రాంతికి కావలి వెళ్తే మా పిన్ని కొడుకు తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, దీనికి అంచే లేదు కదా, మరి లైన్లు నడిపే చిప్పు ఎక్కడుంది?" వాడు ఈసీఈ మూడో ఏడాది, ప్రాజెక్టు టెన్షన్‌లో ఉన్నాడు. నా ఉద్యోగం డిస్‌ప్లే ప్యానెళ్ళ డిజైన్. రెండు రోజులు కూర్చోబెట్టి వాడికి చెప్పిందే ఇది.

పక్కన చిప్పు ఉండదు. తెరలో ఒక్కో అడ్డ వరస పిక్సెళ్ళని ఆన్ చేసే తీగలు గేట్ లైన్లు. వాటిని ఒకదాని తర్వాత ఒకటి నడిపే షిఫ్ట్ రిజిస్టర్‌ని పిక్సెళ్ళతో పాటే గాజు మీద టీఎఫ్‌టీలతో (పలచటి పొరల ట్రాన్సిస్టర్లతో) కట్టేస్తారు. మేం జీవోఏ (గేట్ డ్రైవర్ ఆన్ అర్రే) అంటాం. మా వైపు వంతు నీళ్ళలాంటిదే: ఈ మడి తడిశాక గెనిమ కోస్తే పక్క మడికి నీళ్ళు పోతాయి.

ముందు కాగితం మీద లెక్క వేయండి. 5.5 అంగుళాల 720×1280 తెరలో అంగుళానికి 267 పిక్సెళ్ళు, అంటే ఒక్కో పిక్సెల్ ఎత్తు సుమారు 95 మైక్రాన్లు. డ్రైవర్‌లో ఒక దశ, అంటే ఒక లైన్‌ని నడిపే భాగం, ఆ ఎత్తులోనే ఇమడాలి. దశకి 95,000 చదరపు మైక్రాన్ల చోటు కావాలనుకుంటే వెడల్పు 1 మిల్లీమీటర్ అవుతుంది. ఈ టీఎఫ్‌టీలు కట్టే అమార్ఫస్ సిలికాన్‌లో మొబిలిటీ, అంటే ఎలక్ట్రాన్లు కదిలే తేలిక, 1 cm²/V·s లోపే కాబట్టి లైన్‌కి కరెంట్ ఇచ్చే అవుట్‌పుట్ టీఎఫ్‌టీని కుదించడం తేలిక కాదు. అందుకే దాని జోలికి చివర్లో వెళ్ళండి.

మొదటి పని, బేసి లైన్లు ఎడమ నుంచి, సరి లైన్లు కుడి నుంచి నడపడం. ఒక్కో దశకి 190 మైక్రాన్ల ఎత్తు దొరుకుతుంది, వెడల్పు అర మిల్లీమీటర్‌కి దిగుతుంది. ఒక్క పక్క నుంచే నడుపుతున్నాం కాబట్టి లైన్ అవతలి కొసన పల్స్ ఎంత నెమ్మదిగా లేస్తుందో తప్పకుండా చూడాలి. ఫోన్‌కి సరిపోతుంది. పెద్ద టీవీకి నేనైతే ఇలా చేయను.

తర్వాత తీయాల్సింది, లైన్ వోల్టేజ్‌ని కిందికి దించే పెద్ద టీఎఫ్‌టీ. చాలామంది ఇది తప్పదనుకుంటారు. ఒక్కో పక్క నాలుగు క్లాక్‌లు (వంతు ప్రకారం లేచి దిగే సిగ్నళ్ళు), ఒకదాని మీద ఒకటి పడకుండా ఇవ్వండి. అవుట్‌పుట్ టీఎఫ్‌టీ గేట్ ఉన్న చోటు క్యూ నోడ్; అది పైన ఉంటే ఆ టీఎఫ్‌టీ ఆన్. దాని రీసెట్‌ని తర్వాతి దశ నుంచి కాకుండా ఆపై దశ నుంచి తీసుకోండి. క్లాక్ కిందికి వచ్చినప్పుడు క్యూ ఇంకా పైనే ఉంటుంది, కాబట్టి లైన్‌లోని చార్జ్ అవుట్‌పుట్ టీఎఫ్‌టీ గుండానే వెనక్కి పోతుంది. లైన్‌ని ఎక్కించినదే దించుతుంది. రెండో పెద్ద టీఎఫ్‌టీ అక్కర్లేదు. క్లాక్ తీగలు కూడా అంచులోనే చోటు తింటాయి, అది మాత్రం లెక్కలో వేసుకోండి.

ఇక తీయకూడనిది, నాయిస్ అణిచే పుల్-డౌన్, అంటే వంతు లేనప్పుడు క్యూ నోడ్‌ని కిందే పట్టి ఉంచే టీఎఫ్‌టీ. కొత్తలో నేను దాన్ని తీసేశాను. ఎనిమిది దశల సిమ్యులేషన్ ముచ్చటగా వచ్చింది. గాజు మీదికి వచ్చి, ప్యానెల్ వేడెక్కేసరికి తెర కింది సగంలో దెయ్యం గీతలు! క్లాక్ లేచిన ప్రతిసారీ గేట్-డ్రెయిన్ కెపాసిటెన్స్ గుండా క్యూ నోడ్ కాస్త ఎగురుతుంది. దాన్ని పట్టి ఉంచేవాడు లేకపోతే ఆ కాస్తా దశ దశకీ పెరుగుతూ పోతుంది. రెండు వారాలు నిద్ర లేదు.

తీయకుండా పంచుకోవచ్చు. పుల్-డౌన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే దాని త్రెషోల్డ్ (ఆన్ అయ్యే వోల్టేజ్) జరుగుతుంది కాబట్టి రెండు సెట్లు వంతులవారీగా పనిచేయాలి. ఈ సెట్లని ఆన్, ఆఫ్ చేయడానికి మామూలుగా దశకి రెండు ఇన్వర్టర్లు పెడతారు. పక్కపక్క దశల్ని జత చేసి, ఒకదాంట్లో ‘ఏ’ సెట్ ఇన్వర్టర్, రెండోదాంట్లో ‘బీ’ సెట్ ఇన్వర్టర్ పెట్టండి. ఏది ఆన్‌లో ఉన్నా రెండు దశల్నీ పట్టి ఉంచాలి. ఇన్వర్టర్లు సగమయ్యాయి. అయితే రెండు క్యూ నోడ్లలో ఏది లేచినా ఇన్వర్టర్ ఆగాలి, అందుకు ఒక చిన్న టీఎఫ్‌టీ అదనం.

పరీక్షకి ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్ ఉచితం. మామూలు మాస్ ట్రాన్సిస్టర్ మోడల్‌లో కేపీని (కరెంట్ ఎంత వస్తుందో చెప్పే గుణకం) 10 నానో (A/V²) దగ్గర పెట్టి మొదలుపెట్టండి. వేడికి కరెంట్ పెంచి, చలికి తగ్గించి రెండుసార్లు నడపండి. వేడిలో నాయిస్, చలిలో డ్రైవ్ చాలకపోవడం బయటపడతాయి.

నిన్న రాత్రి వాడు ఫోన్ చేశాడు. "అన్నా, అన్నీ బాగున్నాయి, చివరి లైన్లు మాత్రం క్లాక్ వచ్చినప్పుడల్లా మళ్ళీ లేస్తున్నాయి." వాటి క్యూ నోడ్లకి రీసెట్ పంపే దశలు కింద లేవు మరి. ఒక్కో పక్క రెండేసి డమ్మీ దశలు (పిక్సెళ్ళని నడపనివి) వేయమన్నాను.