ట్యూషన్ ఫీజు చెప్పేముందు: ఒడిశాలోని పర్లాకిమిడి వైపు మాస్టార్లకు

బడులు తెరిచే రోజులొస్తున్నాయి. ఫోన్లో అడిగారని వెంటనే రేటు చెప్పేయకండి.

– ముందు మీడియం అడగండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడి లెక్కల పుస్తకం ఒడియాలో ఉంటే, ముందురోజు రాత్రి మీరూ కూర్చుని చదువుకోవాలి. ఆ శ్రమ ఫీజులో ఉండాలి. తక్కువ చెప్పాక ఏడాది మధ్యలో పెంచడం మహా కష్టం.

– స్కూలు టీచర్లయితే అసలు దిగకండి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం వాళ్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు.

– నెలకా, గంటకా తేల్చండి. రథయాత్ర, దసరా సెలవులకు ఫీజు తగ్గిస్తారా లేదా అన్నది కూడా. పేచీలన్నీ అక్కడే.

– ఇంటికెళ్లి చెబితే పెట్రోలు, దారిలో పోయే టైమూ కలపండి.

– ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. చుట్టాల పిల్లలైతే మరీను!