జిప్సీకి లాకర్ వేయించాలా? ముందు షాఫ్టు చూపించండి

వానలు తగ్గుముఖం పట్టగానే గాజువాక ఆటోనగర్‌లోని మా షెడ్డుకు మారుతి వాళ్ల ఫోర్ వీల్ బండ్లు, జిప్సీలు, వరుస కడతాయి. అందరూ అడిగేది ఒక్కటే: "మేస్త్రీ గారూ, వెనక లాకర్ వేసేయండి, వచ్చే వారం పాడేరు కొండలెక్కాలి." లాకర్ అంటే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కలిపి బిగించే పరికరం. నేను ముందు టైర్ల సైజు చూస్తాను. ఆ తర్వాత వెనక డ్రమ్ము విప్పి, చక్రాన్ని తిప్పే కడ్డీని, అంటే యాక్సిల్ షాఫ్టును, బయటికి లాగిస్తాను. ఖర్చు పెంచడానికే ఇదంతా అని కొందరి అనుమానం. అనుకోనివ్వండి. లాకర్, యాక్సిల్ షాఫ్టులు, క్రౌన్ పినియన్ (ఇంజను బలాన్ని షాఫ్టుల వైపు మళ్లించే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) నాకు మూడు పనులు కావు, ఒకే పని. వీటిని కప్పి ఉంచే గూడు, హౌసింగ్, విప్పినప్పుడే మూడింటి సంగతీ తేల్చేయాలి.

రెండు వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల అమరికే డిఫరెన్షియల్. మామూలుదైతే రెండు చక్రాలకూ సమానంగా టార్క్ (తిప్పే బలం) పంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందంటే దాన్ని తిప్పడానికి ఏ మాత్రం బలమూ అక్కర్లేదు కాబట్టి, నేల మీదున్న చక్రానికీ అంతంతమాత్రమే దక్కుతుంది. బండి కదలదు. అయితే షాఫ్టుకూ ఏమీ కాదు. లాకర్ పడగానే లెక్క తిరగబడుతుంది: లేచిన చక్రం వృథా చేసేదేమీ ఉండదు, ఇంజను పంపిన టార్క్ మొత్తం నేలనున్న ఒక్క షాఫ్టు మీదే పడుతుంది. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లే రాళ్ల దారిని తలచుకోండి. లో రేంజి (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు వరస), ఫస్ట్ గేరు, చక్రం రెండు బండల మధ్య ఇరుక్కుంది, డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. అక్కడ విరిగేది లాకర్ కాదు, పాత షాఫ్టు.

జిప్సీ వెనక యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకం. అంటే చక్రాన్ని తిప్పేదీ, బండి బరువు మోసేదీ ఆ షాఫ్టే. అది బయటి వైపు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా ఊడి వచ్చేయవచ్చు. లారీలకు ఉండే ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువును హబ్బు, దాని బేరింగులు మోస్తాయి. షాఫ్టు పని తిప్పడం వరకే. విరిగితే ముక్కలు బయటికి లాగి, ముందు చక్రాల మీద ఇంటికి రావచ్చు. ఘాట్ రోడ్డు దిగాల్సిన వాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. కానీ ఫుల్ ఫ్లోటింగ్‌గా మార్చడం ఖరీదైన వ్యవహారం. చాలామందికి క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు చాలు. కొనేముందు ఒకటి చూసుకోండి: షాఫ్టు చివర ఉండే స్ప్లైన్ పళ్ల సంఖ్య లాకర్ లోపలి పళ్లతో సరిపోవాలి. పెట్టె మీది అంకెను నమ్మకండి, షాఫ్టు చేతిలో పట్టుకుని లెక్కపెట్టండి. పాత షాఫ్టు పళ్లను పక్కనుంచి చూడండి. నిటారుగా ఉండాల్సిన గీతలు కాస్త మెలితిరిగి కనిపిస్తే అది ఇప్పటికే అలసిపోయింది. దాన్ని మళ్లీ లోపల పెట్టకండి.

ఏ లాకర్ కొనాలి? రోజూ ఆఫీసుకు నడిపే బండికైతే గాలితో పనిచేసే రకమే నా ఓటు. ఆస్ట్రేలియా వాళ్ల ఏఆర్‌బీ అలాంటిదే. స్విచ్ నొక్కితేనే పడుతుంది, మిగతా వేళల్లో మామూలు డిఫరెన్షియల్‌లా ఉంటుంది. ఈటన్ వాళ్ల మెకానికల్ లాకర్‌కు స్విచ్ ఉండదు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి 100 చుట్ల దాకా వస్తే తనంతట తానే పడుతుంది, గంటకు 32 కిలోమీటర్లు దాటితే పడదు. మంచి వస్తువే, కాకపోతే చక్రం కాస్త తిరిగితే గానీ మేల్కొనదు. పాత క్యారియర్‌లోనే (డిఫరెన్షియల్‌ను మోసే భాగం) స్టార్ పినియన్లనే చిన్న గేర్ల స్థానంలో కూర్చునే చవక రకం ఆటోమేటిక్ లాకర్లూ ఉన్నాయి. అవి మలుపుల్లో టకటకమంటాయి, తడి రోడ్డు మీద తోక విసిరేస్తాయి. బీచ్ రోడ్డులో కుటుంబంతో తిరిగే బండికి వాటిని వేయను. డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేసేయమని అడిగేవాళ్లకు టీ ఇచ్చి పంపిస్తాను.

టైర్ల లెక్క ఇదీ. జిప్సీకి కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ. అందరూ మోజుపడే 235/75 ఆర్15 ఎత్తు సుమారు 733 మి.మీ. అంటే దాదాపు 10 శాతం పెద్దది. క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.73 అయితే, పాత లాగుడు తిరిగి రావాలంటే 3.73ను 733తో హెచ్చించి 668తో భాగించాలి. 4.09 వస్తుంది. దగ్గరగా దొరికే సెట్టు తీసుకోండి. ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండి తీరాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన క్షణమే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె) బిగుసుకుంటుంది. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ చిన్నదై బలం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. అందుకే మరీ పెద్ద టైర్లు వేసేవాళ్లకు ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు మార్చమంటాను.

ఒక ముఖ్యమైన మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీ దగ్గరా కనుక్కున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ఇక పని. ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, వెనక యాక్సిల్‌ను స్టాండ్ల మీద నిలపండి. ఉత్త జాకీ మీద నిలిపి కింద దూరడమంటే కొరివితో తల గోక్కోవడమే. మన సముద్రపు గాలికి నట్లు తుప్పుపట్టి ఉంటాయి కాబట్టి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఆయిల్ దించి, డ్రమ్ములు తీసి, బ్యాకింగ్ ప్లేటు నట్లు విప్పి షాఫ్టులు లాగండి. ఇంజను వైపు నుంచి యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి మీద గుర్తు పెట్టి విడదీయండి. హౌసింగ్ చుట్టూ ఉన్న నట్లు తీస్తే క్యారియర్ మొత్తం ముందుకు ఊడి వస్తుంది. జిప్సీలో ఉన్న సుఖం ఇదే, మిగతా పని బల్ల మీద కూర్చుని చేసుకోవచ్చు. షాఫ్టు మీద బేరింగును పట్టి ఉంచే రింగు ప్రెస్ ఫిట్ అయి ఉంటుంది, దాన్ని గ్రైండర్‌తో పలచన చేసి ఉలితో చీల్చాలి. గ్రైండర్ షాఫ్టుకు తగలకూడదు. తగిలిన గీతే తర్వాత పగులుకు పుట్టిల్లవుతుంది.

అసలు విద్య బల్ల మీదే ఉంది. లాకర్‌కు క్రౌన్ బిగించేటప్పుడు బోల్టులకు థ్రెడ్ లాక్ రాసి, ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించండి. బ్యాక్‌లాష్‌ను, అంటే క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఉండే వదులును, డయల్ గేజ్‌తో కొలవండి. చాలా సెట్లకు అది 0.15, 0.25 మి.మీ. మధ్య ఉంటుంది, కానీ మీ సెట్టుతో వచ్చిన కాగితంలో ఏముందో అదే ప్రమాణం. తర్వాత క్రౌన్ పళ్లు కొన్నింటికి ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పలచగా పూసి, క్రౌన్‌ను కాస్త అదిమిపట్టి రెండు వైపులా తిప్పండి. రంగు చెదిరిన మచ్చ పంటి మధ్యలో, అండాకారంగా రావాలి. మచ్చ పంటి కొనకు ఎక్కితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ము (పలచని రేకు వాషరు) కలిపి దగ్గరికి తేవాలి. మొదలుకు దిగితే మరీ లోపలికి వెళ్లినట్టు, షిమ్ము తీయాలి. తీసి, బిగించి, రంగు పూసి మళ్లీ చూడాలి. విసుగు పుడుతుంది. ఇక్కడ "సరిపోయిందిలే" అని వదిలేసిన బండి ఆనందపురం దాటేసరికి ఊళ పెడుతుంది. పినియన్ మీద బిగించినప్పుడు నలిగే గొట్టం, క్రష్ స్లీవ్, ఒక్కసారికే పనికొస్తుంది, పాతది మళ్లీ వాడకండి.

గాలి లాకర్ అయితే, కంప్రెసర్ నుంచి దానికి వచ్చే గాలి గొట్టాన్ని సైలెన్సరుకు దూరంగా, చక్రం పైకీ కిందికీ ఆడినా లాగబడకుండా కాస్త వదులుగా కట్టండి. గాలి నింపి, కంప్రెసర్ ఆపి గేజ్ చూడండి. ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. అది డిఫరెన్షియల్ లోపలే కారితే బ్రీదర్ (యాక్సిల్ లోపలికి గాలి ఆడే రంధ్రం) గుండా ఆయిల్ బయటికి తోసేస్తుంది. బ్రీదర్ గొట్టాన్ని కూడా బానెట్ దాకా పెంచండి. వేడెక్కిన యాక్సిల్ వాగు నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని పీల్చేస్తుంది. మజ్జిగ రంగులోకి తిరిగిన గేర్ ఆయిల్ అరకు నుంచి వచ్చిన బండ్లలో ఎన్నిసార్లు చూశానో.

ఇల్లలకగానే పండగ కాదు కదా, పరీక్షించండి. వెనక చక్రాలు రెండూ గాలిలో ఉంచి, బండిని గేరులో పెట్టి ఒక చక్రం తిప్పితే, లాకర్ స్విచ్ వేయనప్పుడు రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. స్విచ్ వేశాక రెండూ కదలకూడదు. ఇప్పుడు న్యూట్రల్‌లోకి తెస్తే రెండూ ఒకే దిక్కుకు కలిసి తిరగాలి.

నడిపేటప్పుడు అడ్డంకి ఎదురవకముందే, నెమ్మదిగా వెళ్తుండగా లాకర్ స్విచ్ వేయండి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే పళ్లు దెబ్బతింటాయి. తారు రోడ్డు మీద తీసేయండి. ఏజెన్సీ ఎర్రమట్టి తడిసినప్పుడు, పక్కకు వాలిన దారిలో ఇంకా జాగ్రత్త. లాకర్ లేకపోతే ఒక చక్రమే జారుతుంది, రెండోది బండిని పట్టి నిలుపుతుంది. లాకర్ వేస్తే రెండూ కలిసి జారి, వెనక భాగం మొత్తం లోయ వైపుకు పోతుంది. అక్కడ తీసేసి, మెల్లగా దాటండి. అన్నట్టు, ఈ బలమంతా భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద చూపించకండి. అది కాపాడుకోవాల్సిన చోటు.

కొత్త క్రౌన్ పినియన్ వేస్తే మొదట పావుగంట నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా కొన్నిసార్లు చేశాకే ఘాట్ ఎక్కించండి. సుమారు 800 కిలోమీటర్ల తర్వాత జీఎల్-5 రకం గేర్ ఆయిల్ మార్చేయండి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి పొడి అంటుకుంటే మామూలే. వేలికి గుచ్చుకునే ముక్క కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా తోయించుకుని రండి.