ఉమ్ము శాంపిల్‌లో పెరాక్సిడేజ్ కొలవాలంటే

ప్రాజెక్టుకి లాలాజలంలో పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని కొలుద్దామనుకునేవాళ్ళు ముందు అది నోట్లో చేసే పనేంటో తెలుసుకోండి, జాగ్రత్తలన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. నోట్లో ఉండే కొన్ని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంటాయి. అది పోగుపడితే ఉమ్ములోని ప్రొటీన్లు ఆక్సీకరణతో దెబ్బతింటాయి. పెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడ్‌ని అక్కడే ఉన్న థయోసయనేట్ అనే పదార్థం మీదకి తోసేస్తుంది, దాంతో హైపోథయోసయనైట్, నీళ్ళు తయారవుతాయి. కొత్తగా వచ్చిన ఆ పదార్థం బ్యాక్టీరియాని అణుస్తుంది, మన కణాల జోలికి పెద్దగా రాదు.

ఇక శాంపిల్. పొద్దున పూట, తిని కనీసం గంటైన తర్వాత తీయండి. గుంటూరులో సాయంత్రం మిర్చి బజ్జీ తినని స్నేహితుణ్ణి వెతకడం కష్టం కాబట్టి కూడా పొద్దునే నయం! కారానికీ పులుపుకీ ఊరే ఉమ్ములో పాళ్ళు మారిపోతాయి. నీళ్ళతో పుక్కిలించి పది నిమిషాలు ఆగాలి. తర్వాత తల వంచి ట్యూబులోకి దానంతటదే కారనివ్వాలి, కాండ్రించి ఉమ్మకూడదు. ఇలా నిమిషానికి 0.3 మి.లీ. అటూఇటుగా వస్తుంది, 2 మి.లీ. కావాలంటే ఓపిక పట్టాల్సిందే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి రక్తం. అప్పుడే బ్రష్ చేసుకుని వస్తే చిగుళ్ళ నుంచి కాస్త రక్తం కలుస్తుంది, అందులోని హిమోగ్లోబిన్ కూడా పరీక్షలో పెరాక్సిడేజ్‌లాగే రంగు తెప్పిస్తుంది (మనం కొలిచేది ఆ రంగునే), తెల్లకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ దానికి తోడు. నా మొదటి బ్యాచ్ లేత గులాబీగా కనిపించినా పర్లేదులే అనుకుని రోజంతా రీడింగులు తీసి, చివరికి అన్నీ పారబోశాను. సిగరెట్ తాగేవాళ్ళ ఉమ్ములో థయోసయనేట్ ఎక్కువ, వాళ్ళ ట్యూబులు వేరుగా పెట్టండి.

తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి. బెజవాడ మే ఎండలో ఆటోలో కాలేజీకి తీసుకెళ్తుంటే థర్మాకోల్ పెట్టె తప్పనిసరి. ల్యాబ్‌కి చేరగానే సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి) పైతేట మాత్రమే తీసుకోండి, అడుగున పేరుకున్న బ్యాక్టీరియా వద్దు. శాంపిల్ చెడకుండా సోడియం అజైడ్ వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది పెరాక్సిడేజ్‌నే ఆపేస్తుంది. చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి గడ్డకట్టించండి, ఒకే ట్యూబుని పదేపదే కరిగించొద్దు. ట్యూబు మీద పేరు మాత్రం పెన్సిల్‌తో చీటీ రాసి టేపు వేయండి, మామూలు పెన్ను రాత ఐస్ నీళ్ళకి చెరిగిపోతుంది.