నూనెతో చేసిన బామ్‌కి ప్రిజర్వేటివ్ కావాలా?

ఉద్దానం కొబ్బరి నూనె మూడొంతులు, తేనెటీగల మైనం ఒక వంతు తూచి కరిగించిన పెదాల బామ్‌కి ప్రిజర్వేటివ్ (బూజు, బ్యాక్టీరియా పెరగకుండా కలిపే పదార్థం) అక్కర్లేదు. బూజు, బ్యాక్టీరియా పెరగాలంటే నీళ్లుండాలి, అందులో ఆ చుక్క లేదు. అయితే మనకి తెలియకుండానే తడి దూరుతుంది.

మందార, కరివేపాకు పచ్చివే వేసి కాచే తలనూనెనే చూడండి. ఆకుల్లో తడి మిగిలితే నాలుగు రోజులకే సీసా అడుగున మడ్డిలా దిగి పులిసిన వాసనొస్తుంది. ఆకుని నీడన ఆరబెట్టి, వేళ్లతో నలిపితే పొడిపొడి అయ్యాకే వెయ్యండి. సన్నసెగ మీద బుడగలు, చిటపటలు పూర్తిగా ఆగాలి. వేడి మీద మూత పెట్టొద్దు, ఆవిరి మూతకి పట్టి మళ్లీ లోపలే కారుతుంది. కడిగిన సీసాని ఎండలో ఆరబెట్టండి. శ్రీకాకుళం తీరంలో వానాకాలం గాలికి అది నీడన ఓ పట్టాన ఆరదు.

విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. అది నూనెకి మక్కు వాసన త్వరగా పట్టనివ్వదు, అంతే. బూజుని ఆపదు. 100 గ్రాములకి అర గ్రాము చాలు, పొయ్యి దించాక కలపండి.

స్నానాలగదిలో తడిచేత్తో తీసుకునే, నూనెతో కలిపిన పంచదార స్క్రబ్‌కి మాత్రం ప్రిజర్వేటివ్ తప్పదు. ఫీనాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ అయితే 100 గ్రాములకి 1 గ్రాము దాటొద్దు. పొటాషియం సార్బేట్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ కొనకండి, నూనెలో కరక్క అడుగునే ఉండిపోతుంది.