వరంగల్‌లో ఉద్యోగం వచ్చింది, పోవాలా వద్దా: తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్ వదిలి వరంగల్‌కో కరీంనగర్‌కో పోవచ్చా అని నన్ను అడిగేవాళ్లు ముందు జీతం చెప్తారు, ఆ తర్వాత అక్కడ కిరాయిలు ఎట్లుంటాయని అడుగుతారు. నేను మాత్రం వాళ్లను ఒకటే అడుగుతాను. ఈ ఉద్యోగం పోతే అదే ఊళ్లో మీకు ఇంకో కొలువు ఎవరిస్తారు? మూడు పేర్లు చెప్పగలరా?

నేను ఆస్పత్రి పరికరాలు చూసే బయోమెడికల్ ఇంజనీరును. ఉప్పల్‌లో కాపురముండి హైదరాబాద్ ఆస్పత్రుల్లో పనిచేశాను. పాప పుట్టాక వరంగల్‌తో కలిసిపోయిన హనుమకొండకు వచ్చాం. నాకు ఆ మూడు పేర్లు దొరికాయి, ఎందుకంటే ఈ ఊరు ఉత్తర తెలంగాణకు దవాఖానల ఊరు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి రోగులు ఇక్కడి పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకో, ప్రైవేటు ఆస్పత్రులకో వస్తారు. ఒక యజమానితో పడకపోతే ఇంకో గుమ్మం ఉంది. అదే నా పని సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక ప్రత్యేకమైన విభాగమై ఉంటే రాకముందు చాలా ఆలోచించేవాణ్ని. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు మొదలయ్యాయి, సంతోషమే. కానీ హైటెక్ సిటీలో రోడ్డు దాటితే ఇంకో కంపెనీ ఉంటుంది. ఇక్కడ ఒకటి కాదనుకుంటే మిగిలేవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ఇంటినుంచి పనిచేసే అవకాశం గట్టిగా ఉన్నవాళ్లకు ఈ లెక్క మారుతుంది, కాకపోతే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి. మేనేజర్ నోటిమాట చాలదు. మేనేజరే మారిపోతాడు.

మూడు పేర్లు రాశాక వాటిలో ఒకచోట పనిచేసే మనిషితో మాట్లాడండి. జీతం ఎంతని అడక్కండి, ఎవరూ నిజం చెప్పరు. ఒకటో తారీఖున పడుతుందా, పదిహేనుకు పడుతుందా అనడగండి. పీఎఫ్ కడుతున్నారా అనడగండి. పోయినసారి మానేసినాయన ఎక్కడికి పోయాడో అడగండి. ఈ చివరి ప్రశ్నకు జవాబు "హైదరాబాద్ వెళ్లిపోయాడు" అని మూడుసార్లు వినిపిస్తే ఆ వృత్తికి ఈ ఊళ్లో రెండో గుమ్మం లేదని అర్థం చేసుకోవాలి.

ఇద్దరి ఉద్యోగం

పెళ్లయినవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఒకరికి ఆఫర్ వస్తుంది, రెండోవాళ్లు "అక్కడికెళ్లాక చూసుకుందాం" అంటారు. ఆ చూసుకోవడం సాధారణంగా భార్య మీదే పడుతుంది. మా ఆవిడ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. నాకు ఇక్కడ మాట ఖాయమయ్యేలోపే తను రెండు కాలేజీల్లో డెమో క్లాసు చెప్పింది. ఒక కాలేజీలో ప్రిన్సిపల్ గారు పాఠం బాగుందని మెచ్చుకుని, తర్వాత పిల్లల అడ్మిషన్ల కోసం వేసవిలో ఊళ్లు తిరగాలమ్మా అన్నారు. ఒకటిన్నరేళ్ల పాపతో అది కుదరదని తను అక్కడే చెప్పేసింది. రెండో కాలేజీ ఆ షరతు పెట్టలేదు, జీతం కొంచెం తక్కువ. దాన్నే ఒప్పుకుంది. ఈ సంగతులన్నీ సామాన్లు కట్టకముందే తెలియాలి. తనకు పని దొరక్కపోయుంటే నేను ఈ ఉద్యోగం వదులుకునేవాణ్ని, ఇది మేం ముందే అనుకున్న మాట.

భార్యాభర్తల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు ఇక్కడ ఉందామనుకుంటే కొన్ని వివరాలు పనికొస్తాయి. దూరం దాదాపు 150 కిలోమీటర్లు. కాజీపేట పెద్ద జంక్షన్, సికింద్రాబాద్ వైపు రైళ్లకు కొదవ లేదు. కాకపోతే వరంగల్‌లో ఆగే రైళ్లన్నీ కాజీపేటలో ఆగవు, ఇల్లు చూసేముందే మీ రైలు ఏ స్టేషన్‌లో ఆగుతుందో చూసుకోండి. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వెంట ఉంటే చాలు. సూపర్ లగ్జరీకి మాత్రం టికెట్ కొనాల్సిందే. రోజూ అప్‌డౌన్ చేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. పసిపిల్లలున్న ఇంట్లో అది నేను ఎవరికీ చెప్పను. రైలు గంట ఆలస్యమైన రాత్రి ఆ పిల్లను ఎవరు పడుకోబెడతారు?

జీతం లెక్క

చిన్న ఊరు కాబట్టి ఖర్చు తగ్గుతుందని అందరూ అంటారు. ఏది తగ్గుతుందో విడదీసి చూడండి. ఇంటి కిరాయి తగ్గుతుంది, రాకపోకల ఖర్చు తగ్గుతుంది, పనిమనిషి జీతం కొంత తగ్గుతుంది. బ్యాంకు ఈఎంఐ తగ్గదు. గ్యాసు బండ, నూనె ప్యాకెట్, ఫోన్ బిల్లు, బీమా ప్రీమియం, లీటరు పెట్రోలు ధర ఏవీ తగ్గవు. పేరున్న స్కూళ్ల ఫీజులు కూడా మనం అనుకున్నంత తక్కువేం కాదు.

కాబట్టి మీ నెల ఖర్చులో కిరాయీ రాకపోకలూ కలిపి ఎంతో ముందు తేల్చండి. ఉదాహరణకు జీతం 45,000 నుంచి 36,000కు తగ్గుతోందనుకుందాం, అంటే 9,000 లోటు. హైదరాబాద్‌లో 14,000 కిరాయి, 4,000 పెట్రోలు అవుతుంటే, ఇక్కడ 8,000 కిరాయి, 1,500 పెట్రోలుతో సరిపెట్టుకుంటే 8,500 మిగులుతుంది. దాదాపు సరిసమానం. అదే హైదరాబాద్‌లో మీది సొంతిల్లయితే, లేదా అమ్మానాన్నల ఇంట్లో ఉంటుంటే, ఆ 9,000 నష్టం మీద ఇక్కడి కిరాయి కూడా పడుతుంది. ఒకే జీతం, రెండు ఇళ్లకు రెండు లెక్కలు. పక్కింటాయన చెప్పిన లెక్క మీకు సరిపోదు.

కేంద్ర సర్కారు కొలువులో బదిలీ మీద వచ్చేవాళ్లు హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి కిరాయి భత్యం, మర్చిపోవద్దు. అది ఊరి తరగతిని బట్టి ఉంటుంది: హైదరాబాద్ ఎక్స్ తరగతి, వరంగల్ వై తరగతి. ఏడో వేతన సంఘం లెక్కలో 2024 నుంచి మూలవేతనంలో మొదటిదానికి 30 శాతం, రెండోదానికి 20 శాతం. మూలవేతనం 40,000 అయితే నెలకు 4,000 తేడా.

రాబోయే వాటిని లెక్కలో కలపొద్దు. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన అయింది. తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు, కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు రాయి పడింది 2023 జులైలో. మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి 2025లో వచ్చింది. నేనీ ఊరివాణ్నయ్యాను, ఇవన్నీ నిండుగా నడవాలని మనసారా కోరుకుంటాను. అయినా వీటిని చూపించి ఎవరైనా ప్లాటు కొనమన్నా, తక్కువ జీతానికి చేరమన్నా ఆగండి. ఇవాళ చేతికొచ్చే జీతం, ఇవాళ నడుస్తున్న కంపెనీ, ఇవే లెక్క.

ఇల్లు చూడ్డం వానాకాలంలో

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఊరు ఇది. పని మడికొండలో అయితే కాజీపేట, ఫాతిమానగర్ వైపు చూడండి. పని టెక్స్‌టైల్ పార్కులోనో ఏనుమాముల మార్కెట్‌లోనో అయితే వరంగల్ వైపే ఉండండి. ఊరు చిన్నదే కదా అని ఈ చివర ఇల్లు, ఆ చివర పని పెట్టుకుంటే పొద్దునా సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో ఇరుక్కుంటారు.

దూరం కంటే పెద్ద సంగతి నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వానలకు ఈ ఊళ్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. నయీంనగర్ నాలా వెంబడి, హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. ఇల్లు చూపించే బ్రోకరు ఈ మాట ఎత్తడు, మనమే చూడాలి. నేను ఒక ఇంట్లో వంటగది తలుపు వెనక చూశాను. కొత్త సున్నం కింద నుంచి నడుము ఎత్తున మట్టిరంగు గీత, కొలబద్ద పెట్టి గీసినట్టు, గోడ పొడుగునా పోయింది. స్విచ్ బోర్డులు మాత్రం కొత్తవి, మామూలుగా ఉండే చోటు కంటే జానెడు పైకి బిగించి ఉన్నాయి. ఇంటామెను అడిగితే "ఒక్కసారే వచ్చినయి బిడ్డా" అంది. గల్లీ చివర కిరాణా కొట్టాయన్ను అడిగితే, రెండుసార్లూ ఆయన బియ్యం బస్తాలు పాడయ్యాయని చెప్పి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తన షట్టర్ మీద చేత్తో చూపించాడు. ఆ ఇల్లు తీసుకోలేదు.

మీరూ అట్లనే చేయండి. తలుపుల వెనక, బీరువా వెనక గోడ చూడండి. కిరాణా కొట్టులో, ఇస్త్రీ బండి దగ్గర 2020, 2023 రెండు ఏళ్లనూ పేరుపెట్టి అడగండి. జూలై, ఆగస్టులో ఒక వాన పడ్డ సాయంత్రం ఆ గల్లీలో నడిస్తే ఇంకా మంచిది. మున్సిపాలిటీ నల్లా ఎన్నిరోజులకోసారి వస్తుందో, ఏ వేళకు వస్తుందో, బోరు వేసవిలో ఎండుతుందో కింది పోర్షన్ వాళ్లను అడగండి. ఇంకో మాట, ఇక్కడ కోతుల బెడద నిజం. బాల్కనీకి జాలీ లేకపోతే బట్టలు ఆరేయలేం, పసిపిల్లను వదల్లేం. జాలీ ఖర్చు ఎవరిదో అడ్వాన్సు ఇచ్చేముందే మాట్లాడుకోండి.

దవాఖాన గురించి నా వృత్తి మాట ఒకటి. ప్రసవం, డయాలసిస్, యాక్సిడెంటు, మామూలు గుండె చికిత్స వరకు ఈ ఊరిని నమ్ముకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లు హైదరాబాద్‌లో ఎంఎన్‌జేలో క్యాన్సర్ చికిత్సలోనో, నిమ్స్‌లో కిడ్నీ మార్పిడి తర్వాత పరీక్షల్లోనో ఉంటే ఆ డాక్టరును అడిగి, ఎన్ని నెలలకోసారి రావాలో తెలుసుకుని అప్పుడు తేల్చండి.

పనిలో ఏం మారుతుంది

హైదరాబాద్‌లో నేను ఏళ్లకేళ్లు వెంటిలేటర్లే చూశాను. ఇక్కడ పొద్దున డయాలసిస్ మిషను, మధ్యాహ్నం ఎక్స్‌రే, రాత్రి ఆక్సిజన్ లైను. అన్నీ మనమే చూడాలి, నేర్చుకునేది చాలా ఉంటుంది. కాకపోతే చిక్కుముడి పడినప్పుడు పక్క సీట్లో అడగడానికి సీనియరు ఉండడు. చేరి రెండు మూడేళ్లే అయినవాళ్లు, పక్కనుండి నేర్పే మనిషి లేకుండా రావొద్దనే అంటాను. పదేళ్లు చేసి చేయి తిరిగినవాళ్లకు ఇది మంచి ఊరు.

ఇంకోటి, ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. పొద్దున ఒక ఆస్పత్రిలో ఇంటర్వ్యూకి పోతే సాయంత్రానికి మీ పాత మేనేజరుకు తెలుస్తుంది. నోటీసు పీరియడ్ ఎగ్గొట్టడం, చెప్పకుండా మానేయడం ఇక్కడ చెల్లదు.

వద్దనుకుంటే ఆ మాట తొందరగా చెప్పేయండి. ఆఫర్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి, కారణం రెండు మాటల్లో చెప్పి, వీలైతే మీకు తెలిసిన ఇంకొకరి పేరు ఇవ్వండి. వస్తామనుకుంటే పిల్లల చదువును బట్టి ఏప్రిల్ పరీక్షలయ్యాక కదలండి, టీసీ, ఆధార్, రేషన్ కార్డు వేసవిలోనే చూసుకోండి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో మాత్రం సామాన్ల లారీ పెట్టుకోవద్దు, ఆ వారం రోడ్లన్నీ జాతరవే.